గేదె అండాల్లో మోనాస్ట్రాల్ పనిచేయట్లేదు, కంట్రోల్‌లోనూ కండె కనబడట్లేదు: తప్పెక్కడ?

ఏడురోడ్ల_జువాలజీ (శ్రీకాకుళం)

నమస్కారం అండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు. గేదె అండంలో కండెను (క్రోమోజోములను రెండు వైపులా పంచే సూక్ష్మనాళికల కట్టడం, స్పిండిల్) నిలబెట్టే కైనెసిన్-5 అనే మోటారు ప్రొటీన్‌ను మోనాస్ట్రాల్ మందుతో ఆపేస్తే మొదటి క్షయకరణ విభజన (మియోసిస్) ఎక్కడ ఆగుతుందో చూడాలి. పద్ధతి ఇదీ: కబేళా నుంచి అండాశయాలు, 2 నుంచి 8 మి.మీ. పుటికల్లోంచి 18 గేజి సూదితో లాగిన అండాలు, టీసీఎం-199 అనే పెంపక మాధ్యమంలో 10 శాతం సీరం, హార్మోన్లు, 38.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 24 గంటలు. 100 మైక్రోలీటర్ల చుక్కలు, వాటి మీద మినరల్ ఆయిల్. మందు మొదటి నుంచీ 100 మైక్రోమోలార్. 24 గంటలయ్యాక గది ఉష్ణోగ్రతలో హయలూరొనిడేజ్ ఎంజైము వేసి క్యుములస్ (అండం చుట్టూ ఉండే కణాల పొర) ఒలిచి, ఫ్రిజ్‌లోంచి తీసిన 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో (అండాన్ని ఉన్నదున్నట్టు నిలిపే స్థిరీకరణ ద్రవం) 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం.

ఫలితం తలకిందులుగా ఉంది. మందు వేసిన గుంపులోనూ ధ్రువదేహం (విభజన పూర్తయితే అండం బయటికి తోసే చిన్న కణం) వచ్చేస్తోంది. కంట్రోల్‌లో చాలా అండాలకు కండే లేదు, క్రోమోజోములు చెదిరి ఉన్నాయి. మందు పాడైందా?

దీంతోపాటు రెండు సందేహాలు. అండంలో సెంట్రియోల్ (మామూలు కణాల్లో కండె కొసలకు ఆధారం) ఉండదంటారు కదా, మరి ధ్రువాలు, అంటే కండె రెండు కొసలు, కట్టేదెవరు, డైనీన్ మోటారా, కైనెసినా? ఎలుక మీద రాసిన పేపర్లను గేదెకి అలాగే అన్వయించవచ్చా?

చంపావతి_ల్యాబ్ (గరివిడి)

మందుది తప్పు కాకపోవచ్చు. మీ పద్ధతిలో రెండు చోట్ల చిల్లుంది. ఒకటి నూనె, రెండోది చలి.

ముందు నూనె సంగతి. మోనాస్ట్రాల్‌లాంటి చిన్న అణువులు నీళ్లలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. 100 మైక్రోలీటర్ల చుక్క మీద మూడు నాలుగు మిల్లీలీటర్ల నూనె పోస్తే 24 గంటల్లో మందు పైకి జారుకుంటుంది. చుక్కలో అండానికి మిగిలేది ఎంతో ఎవరికీ తెలియదు. దానికి తోడు సీరంలోని అల్బుమిన్ కొంత మందును పట్టుకుంటుంది, క్యుములస్ పొరలు మరికొంత అడ్డుపడతాయి. అందుకని నూనె మానేయండి. నాలుగు గుంటల డిష్‌లో గుంటకి 500 మైక్రోలీటర్లు పోసి, ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు నిండుగా ఉంచండి. ట్రే ఎండితే మాధ్యమం ఆవిరై ఉప్పు గాఢత పెరిగి అండాలు ముడుచుకుంటాయి, అప్పుడు దాన్ని మందు విషమనుకుంటారు. క్యుములస్‌ను మాత్రం మొదట్లోనే ఒలవొద్దు. గేదెలో, ఆవులో అది లేకపోతే అండం సరిగా పక్వం కాదు.

మోతాదు కలిపే తీరు చూడండి. మోనాస్ట్రాల్ అణుభారం దాదాపు 292. 5 మి.గ్రా. సీసాలో 171 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) పోస్తే 100 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. దాన్ని మిల్లీలీటరు మాధ్యమంలో 1 మైక్రోలీటరు కలిపితే 100 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. స్టాక్‌ను చల్లని మాధ్యమంలో వేస్తే సూదుల్లా స్ఫటికాలు కడుతుంది. 38 డిగ్రీలకు వేడెక్కిన మాధ్యమంలో వేసి, గిరగిరా తిప్పి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూసి గానీ అండాలు పెట్టొద్దు. 50, 100, 200 మూడూ నడపండి. 200 గుంపుకి డీఎంఎస్‌ఓ 0.2 శాతం అవుతుంది కాబట్టి మిగతా గుంపులకీ, కంట్రోల్‌కీ అదే 0.2 ఇవ్వాలి. చాలా ప్రాజెక్టుల్లో కంట్రోల్‌కి డీఎంఎస్‌ఓ వేయనే వేయరు. వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక చలి. సూక్ష్మనాళికలు ట్యూబ్యులిన్ ఇటుకలతో కట్టినవి, చల్లబడితే ఆ ఇటుకలు విడిపోతాయి. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఒలుస్తూ కూర్చుంటే కండె కరగడం మొదలవుతుంది. ఆపైన 4 డిగ్రీల ఫార్మాల్డిహైడ్‌లో వేశారు. స్థిరీకరణ లోపలికి చేరేలోపే మిగిలిన కండె కూడా పోతుంది. మీ కంట్రోల్‌లో చెదిరిన క్రోమోజోములు, ట్యూబ్యులిన్ రంగు లేకపోవడం అచ్చంగా చలిదెబ్బ బొమ్మ.

ఇలా మార్చండి. వేడి స్టేజీ మీద, 38 డిగ్రీల హయలూరొనిడేజ్‌తో మూడు నాలుగు నిమిషాల్లో ఒలిచేయాలి. ఒక్కో విడతకి పది పదిహేను అండాలు మించొద్దు. స్థిరీకరణ ద్రవం: 100 మిల్లీమోలార్ పైప్స్ బఫర్, పీహెచ్ 6.9 చుట్టూ, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 2.5 మిల్లీమోలార్ ఈజీటీఏ, 2 శాతం ఫార్మాల్డిహైడ్, 0.5 శాతం ట్రైటాన్ ఎక్స్-100. దీన్ని కూడా 37 డిగ్రీలకు వేడిచేసి అరగంట ఉంచాలి. కాల్షియం సూక్ష్మనాళికలను విరుస్తుంది, దాన్ని పట్టేయడానికే ఈజీటీఏ. కొన్ని పద్ధతుల్లో ఇందులో టాక్సాల్ కూడా కలుపుతారు. మీరు కలపొద్దు, టాక్సాల్ జీవద్రవ్యంలో లేని నక్షత్రాల్లాంటి సూక్ష్మనాళికల గుత్తులను పుట్టించగలదు, అవి మందు ప్రభావమా టాక్సాల్ ప్రభావమా అని తర్వాత తల పట్టుకోవాలి.

ఆమదాలవలసలో బండెక్కి గరివిడిలో దిగేలోపు అండాశయాల ఫ్లాస్కు చల్లబడటం వేరే సమస్య. అండాశయంలో ఉన్న అండం ఇంకా కేంద్రకం దశలోనే ఉంటుంది, అప్పటికి కండె కట్టనే లేదు. అక్కడ చూసుకోవాల్సింది 30 నుంచి 35 డిగ్రీల మధ్య 0.9 శాతం సెలైన్, యాంటీబయాటిక్, నాలుగు గంటలు మించని ప్రయాణం.

ఇంకొకటి, 24 గంటలకు మాత్రమే ఫిక్స్ చేస్తే మొదటి మెటాఫేజ్ (క్రోమోజోములు కండె నడుమ వరుసగా నిలిచే దశ) మీకు దొరకదు. ఆవులో కేంద్రక త్వచం 7, 8 గంటలకు కరుగుతుంది, మొదటి మెటాఫేజ్ దాదాపు 10 నుంచి 15 గంటల మధ్య, రెండో మెటాఫేజ్ 18 నుంచి 24 మధ్య. గేదెకీ సుమారు ఇదే లెక్క, గానీ మీ బ్యాచ్‌లో 8, 12, 16, 20, 24 గంటలకు కొన్ని కొన్ని తీసి చూసుకున్నాకే నమ్మండి. మీ ప్రశ్నకి అసలు జవాబు 12, 14 గంటల అండాల్లో ఉంది.

పొందూరు_కదురు (శ్రీకాకుళం జిల్లా)

పద్ధతి సంగతి పైన చెప్పారు కాబట్టి నేను రెండో ప్రశ్నకి వస్తాను. డైనీనా కైనెసినా అని అడిగారు. రెండూ. ఒకటి లోపలికి లాగుతుంటే ఇంకొకటి బయటికి తోస్తుంది, ఆ తూకమే కండె ఆకారం. పొందూరు మగ్గం మీద కండె మధ్యలో లావుగా, కొనల్లో సన్నగా ఎందుకుంటుందో అందరికీ తెలుసు, నూలు అలా చుడతారు. అండంలోని కండెకు చుట్టేవాడు లేడు. దానికదే ఆ ఆకారంలో నిలబడాలి, ఆ పని మోటార్లది.

సూక్ష్మనాళిక 25 నానోమీటర్ల లావున్న గొట్టం. దానికి రెండు కొసలు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. కండెలో మైనస్ కొసలు ధ్రువాల వైపు, ప్లస్ కొసలు మధ్యలో క్రోమోజోముల వైపు. మోటారు అంటే కణం ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి ఈ గొట్టం మీద నడిచే ప్రొటీన్. మామూలు కైనెసిన్ అడుగుకి 8 నానోమీటర్లు, అంటే ఒక ట్యూబ్యులిన్ జంట పొడవు, అడుగుకొక ఏటీపీ.

కైనెసిన్-5 పేరు ఈజీ5, జన్యువు కేఐఎఫ్11. దీనికి నాలుగు తలలు, కడ్డీకి ఈ కొసన రెండు, ఆ కొసన రెండు. ఎదురెదురు దిశల్లో పక్కపక్కనే ఉన్న రెండు గొట్టాలను చెరో జత తలలతో పట్టుకుని రెండింటి మీదా ప్లస్ కొస వైపే నడుస్తుంది. తాను ఉన్నచోటే ఉంటుంది, గొట్టాలు మాత్రం మైనస్ కొసలు ముందుగా చెరోపక్కకు జారిపోతాయి. రెండు తెప్పల మీద చెరో కాలు పెట్టి నిలబడితే తెప్పలు విడిపోవడం గుర్తు తెచ్చుకోండి, ఇక్కడ ఆ మనిషి పడిపోడు, అంతే తేడా. ఇలా రెండు ధ్రువాలు దూరం జరుగుతాయి. మోనాస్ట్రాల్ ఈ తలల్లో ఏటీపీ పనిని అడ్డుకుంటుంది. తోసేవాడు పోయాడు, లాగేవాళ్లు మిగిలారు, అన్ని మైనస్ కొసలూ ఒక్క కుప్పగా చేరతాయి. అదే ఏకధ్రువ కండె.

లాగేవాళ్లలో పెద్దది డైనీన్. డైనాక్టిన్‌తోనూ, న్యూమా అనే ప్రొటీన్‌తోనూ కలిసి మైనస్ కొసలను గుత్తిగా కడుతుంది. రెండోది కైనెసిన్-14, అంటే కేఐఎఫ్‌సీ1. కైనెసిన్లలో ఎక్కువ భాగం ప్లస్ వైపు నడిస్తే ఇది మైనస్ వైపు నడిచే తిరుగుబాటుదారు. తోకతో ఒక గొట్టాన్ని పట్టుకుని తలతో ఇంకో గొట్టం మీద నడిచి, రెండింటినీ దగ్గరికి జోడిస్తుంది. శరీర కణంలో సెంట్రియోళ్లున్న సెంట్రోసోము ధ్రువానికి గుంజలా ఉంటుంది కాబట్టి కేఐఎఫ్‌సీ1 లేకపోయినా చాలావరకు నడిచిపోతుంది. అండం పెరిగే క్రమంలో సెంట్రియోళ్లు మాయమవుతాయి. గుంజ లేని పందిరికి కట్లే ఆధారం. అండంలో మోటార్లకి ఇంత ప్రాముఖ్యం అందుకే.

ఎలుక అండంలో గుంజకి బదులు చిన్న చిన్న కేంద్రాలు, ఎంటాక్‌లు అంటారు, కండె కట్టే సమయానికి 80కి పైగా ఉంటాయని 2007లో ప్రత్యక్ష చిత్రీకరణతో లెక్కపెట్టారు. అవి మొదట్లో కొన్ని పెద్ద ముద్దలు. వాటిని చిన్న ముక్కలు చేసే పద్ధతి 2015లో తేలింది. పీఎల్‌కే1 అనే కైనేజ్ ముద్దను వదులు చేస్తుంది, బైక్‌డీ2 అనే ప్రొటీన్ ద్వారా కేంద్రక త్వచానికి పట్టుకున్న డైనీన్ దాన్ని త్వచం వెంట సాగదీస్తుంది, త్వచం కరిగాక ఈజీ5 ఇంకా చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఆ ముక్కలే రెండు గుంపులై ధ్రువాలవుతాయి. అంటే ఎలుకలో మీ మోనాస్ట్రాల్ ఒక దెబ్బకి రెండు పనులను ఆపుతుంది. ఆవు, పంది అండాల్లో ఇంత స్పష్టమైన ఎంటాక్‌లు కనబడవు. అక్కడ క్రోమోజోముల చుట్టూ ఉండే రాన్-జీటీపీ అనే సంకేత అణువు ప్రభావంతో గొట్టాలు పుట్టి, మోటార్ల వల్ల వరుసలో పడతాయి. కాబట్టి మూడో ప్రశ్నకి జవాబు: మోటార్ల దిశ, పని అన్నీ అవే. ఏ మోటారు మీద ఎంత బరువు పడుతుందన్నది జంతువుని బట్టి మారుతుంది. ఎలుక పేపర్లో ఉన్న గంటలనూ ఎంటాక్‌లనూ గేదె రిపోర్టులో ఎత్తి రాయకండి.

క్రోమోజోముల దగ్గర పనిచేసే సెన్ప్-ఈ, గొట్టం కొసలను కరిగించి తప్పు అతుకులు విప్పే ఎంకాక్, ఇవి మీ ప్రాజెక్టు పరిధి దాటతాయి, పేర్లు తెలిసుంటే చాలు.

గంటస్తంభం_ఎంబ్రియాలజీ (విజయనగరం)

మనిషి అండం సంగతి కూడా చేర్చాలి, ఎందుకంటే తేడా అక్కడే బాగా తెలుస్తుంది. మనిషి అండంలో కండె కట్టడానికి దాదాపు 16 గంటలు పడుతుందని 2015లో చూపించారు. ఎలుకలో అది 3 నుంచి 5 గంటల పని. అంతసేపు కట్టినా మనిషి కండె నిలకడగా ఉండదు, ధ్రువాలు చీలి మూడు నాలుగవుతాయి, మళ్లీ కలుస్తాయి. కారణం 2022లో గోటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు పట్టుకున్నారు. పైన చెప్పిన కేఐఎఫ్‌సీ1 ఎలుక, పంది, ఆవు అండాల్లో ఉంది, మనిషి అండంలో లోపించింది. ఎలుక, ఆవు అండాల్లోంచి దాన్ని తీసేస్తే అవీ మనిషి అండంలా తడబడ్డాయి. మనిషి అండంలోకి బయటి నుంచి ఎక్కిస్తే కండె స్థిరపడింది. గుంజా లేదు, ఒక కట్టూ లేదు, అయినా పందిరి నిలబడుతోందంటే ఆశ్చర్యమే.

ప్రయోగం డిజైన్ చేసేవాళ్లకు ఒక మాట. ప్రొటీన్‌ను తీసేయాలంటే ఆర్‌ఎన్‌ఏఐ (ప్రొటీన్ తయారీకి ఉండే ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని చెరిపే పద్ధతి) వేసి మర్నాడు చూస్తే సరిపోదు. పూర్తిగా పెరిగిన అండం కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీ దాదాపు ఆపేసి, పెరిగేటప్పుడు దాచుకున్న ప్రొటీన్‌తోనే పని నడుపుతుంది. సందేశాన్ని తుడిచేసినా గోదాములో సరుకు అలాగే ఉంటుంది. అందుకే 2017లో వచ్చిన ట్రిమ్-అవే పద్ధతికి అంత పేరు: ప్రతిరక్షకాన్నీ, ట్రిమ్21 అనే ప్రొటీన్‌నీ ఎక్కించి ఉన్న ప్రొటీన్‌నే కణం చేత ముక్కలు చేయిస్తారు. మీ స్థాయిలో మందే నయం, గంటల్లో పనిచేస్తుంది, కడిగితే పోతుంది.

చలి విషయం ఐవీఎఫ్ ల్యాబులకీ వర్తిస్తుంది. గది ఉష్ణోగ్రతలో పది నిమిషాలుంటే చాలు, మనిషి అండంలో కండె దెబ్బతింటుంది. మళ్లీ వేడిచేసినా అన్నిటిలో పూర్తిగా తిరిగి రాదు. స్టేజీ మీద మీటరు 37 చూపిస్తున్నా డిష్‌లో చుక్క 35 ఉండొచ్చు. చుక్కలోనే సన్నటి ప్రోబు ముంచి కొలవాలి.

ఏడురోడ్ల_జువాలజీ

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు అండీ. ఇంకో రెండు అడుగుతాను. కండె మధ్యలో కట్టి తర్వాత అంచుకి జరుగుతుంది కదా, దాన్ని అక్కడికి లాగేది డైనీనేనా? శరీర కణాల్లో అలాగే చదివాను. రెండోది, వయసు పెరిగిన తల్లుల్లో క్రోమోజోముల లెక్క తప్పడానికి మోటార్లు బలహీనపడటమే కారణమని రాయొచ్చా?

పొందూరు_కదురు

రెండూ రాయొద్దు.

మొదటిది: శరీర కణాల్లో కండె కొసల నుంచి పొర దాకా సాగే గొట్టాలను డైనీన్ లాగుతుంది. ఎలుక అండం వ్యాసం దాదాపు 80 మైక్రోమీటర్లు, గేదెది, మనిషిది ఇంకా పెద్దవి. కండె నుంచి అంత దూరం చేరే గొట్టాలే అక్కడ ఉండవు. ఎలుకలో ఆ పని యాక్టిన్ అనే ప్రొటీన్ పోగుల వలది. ఫార్మిన్-2, స్పైర్ అనే ప్రొటీన్లు కలిసి వల అల్లుతాయి, మయోసిన్-5బీ అనే మోటారు ర్యాబ్11ఏ ప్రొటీన్ ఉన్న చిన్న సంచులను వల వెంట పొర వైపు మోస్తుంది. ఫార్మిన్-2 లేని ఆడ ఎలుకల్లో కండె నడిమిలోనే ఉండిపోయి ధ్రువదేహం రాకపోవడం 2002లోనే చూశారు. తేల్చుకోవడం సులువు: సైటోకలాసిన్‌తో యాక్టిన్‌ను ఆపితే కండె కదలదు, నోకోడజోల్‌తో గొట్టాలు కరిగించినా క్రోమోజోముల ముద్ద అంచుకి వెళ్లిపోతుంది. ధ్రువదేహాన్ని నులిమి వేరుచేసే ఉంగరంలో మాత్రం మయోసిన్-2 ఉంటుంది.

డైనీన్‌కి ఇంకో పెద్ద పని ఫలదీకరణ తర్వాత. ఆవులో, మనిషిలో సెంట్రియోల్‌ను వీర్యకణం తెస్తుంది. దాని చుట్టూ గొట్టాలు నక్షత్రంలా పరుచుకుంటే వాటి మీద డైనీన్ నడిచి ఆడ ప్రాక్కేంద్రకాన్ని (అండం తాలూకు కేంద్రకం) మగదాని దగ్గరికి తెస్తుంది. ఎలుకలో వీర్యకణం సెంట్రియోల్ ఇవ్వదు, తల్లి ఎంటాక్‌లే నడుపుతాయి. ఎలుకను అన్నిటికీ నమూనా అనుకోకూడదనడానికి ఇదొక గట్టి ఉదాహరణ.

రెండోదానికి గంటస్తంభం గారు జవాబిస్తే బాగుంటుంది.

గంటస్తంభం_ఎంబ్రియాలజీ

లాగేవాళ్లలో లోపం కన్నా ముడిలో లోపం ఎక్కువ. జత క్రోమోజోములను పట్టి ఉంచేది కోహెసిన్ ఉంగరం, అందులో ఆర్‌ఈసీ8 ముక్క ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే పడుతుంది. తర్వాత దాన్ని కొత్తగా మార్చే ఏర్పాటు కనబడలేదు. 20 ఏళ్ల అండంలో ఆ ముడి గట్టిగా ఉంటుంది, 40 ఏళ్లకు వదులవుతుంది. మోటార్లు ఎప్పటిలాగే రెండు వైపులా లాగుతాయి, సమయం రాకముందే జత విడిపోతుంది. విడిపోయిన ముక్క ఏ ధ్రువానికి వెళ్తుందన్నది ఇక గాలివాటం. పైగా అండం కాయం పెద్దది కావడంతో తప్పును పసిగట్టి విభజనను ఆపే కాపలా సంకేతం పలచబడుతుంది, ఒకటి రెండు క్రోమోజోములు దారి తప్పినా ఆగకుండా ముందుకి పోతుంది. డౌన్ సిండ్రోమ్ తల్లి వయసు 25 దగ్గర సుమారు 1250 కాన్పులకు ఒకటి, 35 దగ్గర 350కి ఒకటి, 40 దగ్గర 100కి ఒకటి కావడానికి వెనక పెద్ద భాగం ఇదే. కేఐఎఫ్‌సీ1 లోపం అన్ని వయసుల మనుషుల్లోనూ ఉన్నదే. అది మనిషి అండం చిన్న వయసులోనూ ఎందుకు తప్పులు చేస్తుందో చెబుతుంది. వయసుతో తప్పులు ఎందుకు పెరుగుతాయన్నదానికి అది జవాబు కాదు. రెండింటినీ కలిపి ఒక వాక్యంలో రాస్తే పరీక్షకుడు పట్టుకుంటాడు.

చంపావతి_ల్యాబ్

ఇక మైక్రోస్కోపు కింద ఏది ఏమిటో గుర్తుపట్టడం. గేదె అండంలో కొవ్వు చుక్కలు ఎక్కువ, లోపల నల్లగా ఉంటుంది, కండె వాటి వెనక దాక్కుంటుంది. కవర్‌స్లిప్ నాలుగు మూలలా వాజలిన్ చుక్కలు పెట్టి, అండం కాస్త చదునయ్యే దాకా మాత్రమే మెల్లగా నొక్కండి. పగిలిందంటే కండె ఆకారం మీద మాట్లాడే హక్కు పోయినట్టే. క్రోమోజోములకు రంగుగా హెక్స్ట్ 33342 మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు, గొట్టాలకు ఆల్ఫా ట్యూబ్యులిన్ ప్రతిరక్షకం కంపెనీ చీటీ ప్రకారం. ప్రాథమిక ప్రతిరక్షకం లేకుండా ఒక గుంపు తప్పనిసరి, లేకపోతే కొవ్వు సొంతంగా మెరిసేదాన్ని ట్యూబ్యులిన్ అనుకుంటారు.

మూడు బొమ్మలు మనసులో పెట్టుకోండి. పీపా ఆకారంలో ట్యూబ్యులిన్, నడుమ అడ్డంగా క్రోమోజోముల వరుస: మామూలు కండె. ఒకే చుక్క నుంచి కిరణాల్లా గొట్టాలు, చుట్టూ ఉంగరంలా క్రోమోజోములు: ఈజీ5 ఆగింది. క్రోమోజోములున్నాయి, గొట్టాలే లేవు: చలి, లేదా స్థిరీకరణ తప్పు. ఈ మూడోరకాన్ని మందు ఖాతాలో రాసేయడం అందరూ చేసే పొరపాటు. కంట్రోల్‌లో మూడోరకం కనబడిన రోజు ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాలి, మందు గుంపు ఎంత అందంగా వచ్చినా సరే.

మొదటి మెటాఫేజ్‌లో లెక్కపెడితే మన వైపు నదీజాతి గేదెకి 25 జతలు రావాలి, దాని మొత్తం 50. ఆవుకి 30 జతలు. కబేళాలో సంచి మారి ఆవు అండాశయాలు కలిసిపోయినా ఈ లెక్కలో దొరికిపోతాయి.

చివరగా కడుగుడు పరీక్ష. 14 గంటల దగ్గర మందు గుంపులో సగం తీసి, మందులేని వేడి మాధ్యమంలో నాలుగుసార్లు మార్చి మళ్లీ ఇంక్యుబేటర్లో పెట్టండి. మిగతా సగం మందులోనే ఉంచండి. రెండు సగాలనూ 24 గంటలకు ఫిక్స్ చేయండి. కడిగిన సగంలో రెండు ధ్రువాలు తిరిగి వచ్చి, కడగని సగం ఒకే ధ్రువంతో ఆగి ఉంటే, ఆపింది మందేనని, అండం చచ్చిపోలేదని తేలుతుంది. ఒక్కో గుంపుకి కనీసం మూడు వేర్వేరు రోజుల అండాశయాలు కావాలి. ఒకే రోజు తెచ్చిన వంద అండాలు లెక్కలో ఒక్క ప్రయోగమే.

ఏడురోడ్ల_జువాలజీ

నూనె లేకుండా, డీఎంఎస్‌ఓ 0.2 అన్నిటికీ, వేడి ఫిక్సేటివ్, 12, 14, 24 గంటలు. సోమవారం అండాశయాలు వస్తాయి, మొదట కంట్రోల్ ఒక్కటే నడిపి కండె నిలబడుతోందో లేదో చూశాకే మందు తీస్తాను. ఫొటోలు ఇక్కడే పెడతాను.